ఆది కోటు

మా బాపమ్మ బుచ్చవ్వ లెక్కలో బట్టలు రెండే రకాలు. ఇప్పుడు సరిపోయేవి, రేపు సరిపోయేవి. ఇప్పుడు సరిపోయేవి కుట్టించుకునేవాళ్ళు బుద్ధి లేనివాళ్ళని ఆమె నమ్మకం. పిల్లలు పెరగరా, డబ్బులు చెట్టుకు కాస్తాయా అని అడుగుతుంది. ఆ మాటకు జవాబు చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు.

ఆ నమ్మకానికి బలైపోయినవాడు మా తమ్ముడు జోయల్. నేను ఆడపిల్లను, ఓణీ వయసు రాగానే తప్పించుకున్నాను. వాడు మాత్రం పుట్టిన దగ్గర్నుంచి రేపటి బట్టల్లోనే బతికాడు. మందమర్రి కాలనీలో క్రిస్మస్ ముందు దర్జీ కొలత తీస్తుంటే బాపమ్మ పక్కనే నిలబడి, జర వదులు పెట్టు, ఇంకా జర వదులు పెట్టు అని ఆ టేపును సాగదీయించేది. చొక్కా మోకాళ్ళు ముట్టేది. లాగు నడుము మీద ఆగేది కాదు. రెండేళ్ళు పోయి ఆ బట్ట వాడికి సరిపోయే నాటికి రంగు వెలిసి, మోచేతుల దగ్గర చిరిగేది. ఇక కొత్తది కుట్టించాలి కదా, మళ్ళీ వదులు. అలా వాడికి సరిపోయిన కొత్త బట్ట అనేది జీవితంలో లేకుండా పోయింది. లాగు జారకుండా ఎడమ చేత్తో నడుము పట్టుకుని నడవడం మాత్రం బాగా వచ్చింది.

వాడు ఏడో తరగతిలో ఉండగా పరుగు పందెంలో ఫస్టు వచ్చాడు. స్కూలు వార్షికోత్సవంలో స్టేజీ మీదికి పిలిచి కప్పు ఇచ్చారు. కప్పు పెద్దది, రెండు చేతులూ చాచాలి. చాచాడు. లాగు పాదాల మీద పడింది. వంగి తీసుకుంటే కప్పు పడిపోతుందేమోనని పిచ్చివాడు అలాగే నిలబడ్డాడు. స్కూలు స్కూలంతా బెంచీలు చరుస్తూ నవ్వింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా, అట్లా అయింది వాడి పని.

ఆ తర్వాత జోయల్ పది మంది ముందు నిలబడలేదు. చర్చిలో పాటలు పాడేవాళ్ళతో చేరినా స్తంభం వెనకే నిలబడేవాడు. పెద్దయి గనిలో ఎలక్ట్రీషియన్ అయ్యాక, బాగా పని చేశాడని అందరి ముందు శాలువా కప్పుతామంటే ఆ రోజు కడుపునొప్పని సెలవు పెట్టాడు. ఇరవై ఏడేళ్ళు వచ్చినా, బెల్టు పెట్టుకున్నా, ఎవరైనా వాడి వంక చూస్తే చాలు, ఎడమ చెయ్యి నడుము మీదికి పోతుంది.

అట్లాంటివాడికి పెళ్ళి కుదిరింది. పిల్ల క్యాథరిన్, ఉట్నూర్‌లో నర్సు. వాళ్ళ నాన్న స్టీఫెన్ మామ అడవి పల్లెలకు జీపు నడుపుతాడు. మనిషి మంచివాడు, మాట కన్నా నవ్వు ముందు వస్తుంది. మా దాంట్లో పెళ్ళికొడుకు కోటు, ప్యాంటు పిల్ల తరఫువాళ్ళే కుట్టిస్తారు. స్టీఫెన్ మామ ఆదిలాబాద్ దాకా పోయి, బట్ట తనే ఎంచి, అక్కడ పేరున్న ఒక ముసలి దర్జీకి ఇచ్చాడు. ఆ దర్జీ ఫోనులో చెప్పిన కొలతలు నమ్మడట. ఆది పంపమన్నాడు. కొత్తది కుట్టడానికి కొలతగా ఇచ్చే పాత బట్టను ఆది అంటాం. అది ఎట్లా ఉంటే కొత్తది అట్లాగే, గోరు వెడల్పు కూడా తేడా లేకుండా కుడతాడు.

ఆది మూట కట్టి పంపే పని బాపమ్మ మీదేసుకుంది. ఆ మూట విప్పి చూడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పంపించేశాం.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు స్తుతి. పేరుకే స్తుతి, నా నోట తిట్లే ఎక్కువ వస్తాయని నన్ను కన్న మా అవ్వ బాధ. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద బట్టల షోరూంలో పని చేస్తాను. నా పని అద్దాల వెనక నిలబడే బొమ్మలకు బట్టలు తొడగడం. తేలిక పని అనుకోకండి. బొమ్మలన్నీ ఒక్కటే కొలత. బట్టలు మాత్రం ఏ సైజు మిగిలితే ఆ సైజు. వదులుగా ఉన్నదంతా వీపు వైపుకు లాగి, మడిచి, పిన్నులు గుచ్చేస్తాను. ముందు నుంచి చూస్తే దొరబిడ్డలాగా ఉంటుంది. వెనక ఏముందో గోడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ బొమ్మకున్నట్టే కావాలని వచ్చి అడుగుతారు జనం. వాళ్ళకేం చెప్పను?

ఈ మధ్య కుర్రవాళ్ళకు వదులు బట్టల పిచ్చి పట్టింది. ఓవర్‌సైజు అంటారు. భుజం కుట్టు మోచేతి దాకా దిగిన చొక్కాకు మామూలు చొక్కా కన్నా ఎక్కువ ధర. ఈ సంగతి బాపమ్మకు చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "గా ముచ్చట నేనెప్పుడో చెప్పలే? మీరే ఇనలే" అంది.

పెళ్ళి జనవరిలో, ఉట్నూర్‌లోనే. ముందు రోజు మధ్యాహ్నానికే మేమంతా వ్యానులో దిగాం. మాకిచ్చిన విడిది ఇల్లు చర్చికి దగ్గర్లోనే. ఉట్నూర్ అడవి చలి సంగతి వినడమే కాని పడలేదు, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. పొద్దు గూకే వేళ బట్టల ప్రార్థన జరిగింది. పెళ్ళికూతురి తెల్ల చీర, పెళ్ళికొడుకు సూటు, ఉంగరాలు పళ్ళెంలో పెట్టి పాస్టరు అయ్యగారు చెయ్యి చాచి ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే స్టీఫెన్ మామ సూటు డబ్బాను జోయల్ చేతుల్లో పెట్టాడు. ముదురు నీలం బట్ట. చెయ్యి వేస్తే పిల్లి వీపులాగా మెత్తగా ఉంది. నేను రోజూ బట్టల మధ్య బతికేదాన్ని, అంత మంచి బట్ట మా షోరూంలో లేదని అక్కడే ఒప్పుకున్నాను. మామ ముఖం వెలిగిపోయింది.

విడిదికి వచ్చి, గది తలుపు వేసి, జోయల్ సూటు తొడుక్కున్నాడు. తొడుక్కున్నాడనడం కన్నా అందులోకి దిగాడనడం న్యాయం. వేళ్ళు కోటు చేతుల్లో మునిగిపోయాయి. భుజాలు జారి మోచేతుల మీదికి వచ్చాయి. ప్యాంటులో ఇంకో మనిషికి చోటుంది.  వాడి ఎడమ చెయ్యి మెల్లగా నడుము మీదికి పోయింది. 

తమ్ముడి మీద జాలేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆ దర్జీ ఎవడు, వాడికి కళ్ళున్నాయా, ఇప్పుడే పోయి స్టీఫెన్ మామను అడుగుతాను అని లేచాను. డబ్బా అడుగున కాగితంలో చుట్టి ఆది కోటు తిరిగి పంపారు. సాక్ష్యానికి పనికొస్తుందని విప్పాను. అది మా బాపు కోటు. రిటైరయిన రోజున ఫంక్షన్‌కు కుట్టించుకున్నది. మా బాపు పౌలు బొజ్జ సంగతి మందమర్రిలో తెలియనివాళ్ళు లేరు. దర్జీ తప్పు గోరంత కూడా లేదు. మా బాపు కొలతకు దివ్యంగా కుట్టాడు.

అందరం బాపమ్మ వైపు తిరిగాం. ఆమె మంచం మీద కూర్చుని చలికి కాళ్ళు కప్పుకుంటోంది. తప్పు చేసిన ముఖం కాదది, పని పూర్తి చేసిన ముఖం.

"మీ బాపు పెండ్లినాడు గిట్లనే పుల్ల లెక్క ఉండె. ఒంటికి అతికినట్టు కోటు కుట్టిస్తిమి. ఆర్నెల్లకు గుండి పడలే. మళ్ళ ఒక్కనాడన్న తొడిగిండా? గంత మంచి కోటు స్టీలు గిన్నెకు ఇచ్చిన. గప్పుడే అనుకున్న, నా మనుమని కోటు గట్ల కానియ్యొద్దని. పెండ్లయినంక వీడు ఒళ్ళు జెయ్యడా?"

మా బాపు గోడ వైపు తిరిగి బొజ్జ లోపలికి పీల్చుకున్నాడు.

మామతో చెప్పడానికి లేదు. చెప్తే ఆ మనిషి అప్పటికప్పుడు జీపు తీసి ఆదిలాబాద్ పోయి దర్జీని మంచం మీది నుంచి లేపుతాడు. పైగా కొత్త చుట్టాల్లో బాపమ్మ పేరు జీవితాంతం ఈ కోటుతోనే చెప్పుకుంటారు. మింగలేక కక్కలేక అయింది మా పని. సరే, నేనున్నాను కదా అనుకున్నాను. జోయల్ విప్పిన కోటు పరిచి, సంచిలోంచి కత్తెర తీశాను. ఎక్కువున్నది కోసేసి కుట్టేస్తే సరిపోతుంది.

ముసలామె మంచం దిగి వచ్చి కోటును ఒళ్ళో పెట్టుకుంది. ప్రార్థన చేసిన బట్టకు కత్తెర పెడతావా అని అడిగింది. అట్లాంటి మాట బైబిల్లో ఎక్కడుందో చూపించమన్నాను. బైబిల్లో లేకపోతే లేదు, నేను చెప్తున్నాను కదా అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మా అవ్వ కూడా అత్త పక్షమే చేరింది, ఇంట్లో ఏనాడూ చేరనిది. చివరికి జోయల్ నా చేతిలోంచి కత్తెర తీసుకుని కిటికీలో పెట్టాడు.

"వద్దక్కా. బాపమ్మను నొప్పియ్యద్దు. గీ సూటే ఏసుకుంట. రేపొక్కనాడు నన్ను సూసి ఎవ్వలు నవ్వకుంటే సాలు."

అంతే అన్నాడు. కప్పు కోసం చేతులు చాచిన రోజు వాడి ముఖం ఎట్లా ఉందో నాకు గుర్తొచ్చింది. ఫికర్ చెయ్యకు, ఊపిరి కూడా తీయని బొమ్మలనే దొరల్ని చేస్తాను, నువ్వెంత, పడుకో అని చెప్పాను. నేను మాత్రం సరిగ్గా నిద్రపోలేదు.

తెల్లారి స్నానాలు కాగానే మొదలుపెట్టాను. పిన్నుల డబ్బా నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. జోయల్‌ను గోడకున్న చిన్న అద్దం ముందు నిలబెట్టి, కదిలావంటే గుచ్చుకుంటాయని భయపెట్టాను. వదులున్నదంతా వెనక్కి లాగాను. మెడ కింది నుంచి నడుము దాకా వరసగా పిన్నులు. ప్యాంటు నడుము వెనక మడత, దానికి బట్టలు ఆరేసే క్లిప్పులు. కోటు చేతులు లోపలికి దోపి ఇంకొన్ని పిన్నులు. చెయ్యి తిరిగిన పని. వాడు అద్దంలో చూసుకున్నాడు. చాతీ మీద ఒక్క ముడత లేదు. మా షోరూం ముందు నిలబెడితే బేరం ఆడకుండా కొనుక్కుపోతారు.

జోయల్ నవ్వాడు. ఎడమ చెయ్యి నడుము మీది నుంచి తీసి జుట్టు సర్దుకున్నాడు. మా అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, ఎట్లుంది నా పని అన్నట్టు అందర్నీ చూశాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ అధికారమంతా ఆ క్షణంలో అనుభవించాను.

అప్పుడు బాపమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని వాకిట్లోంచి లోపలికి వచ్చింది. తలుపు జోయల్ వెనక ఉంది. ఆమె గడపలోనే ఆగిపోయింది.

"ఓ స్తుతీ, వీని ఈపుకు గీ ముండ్లకంచె ఏందే?"

వెనక ఎవరు చూస్తారు బాపమ్మా అని నేను తేలిగ్గా అన్నాను. ఆమె గ్లాసులు కింద పెట్టింది. చర్చిని ఆమె గుడి అనే అంటుంది.

"పిచ్చిదానా, గుళ్ళె పెండ్లికొడుకు మొకం సూసేది అయ్యగారొక్కడే. మిగిలినోళ్ళమంత సూసేది ఈపే గద."

 నిజమే మరి. మా పెళ్ళిళ్ళలో పిల్లా పిల్లవాడూ అయ్యగారి వైపు తిరిగి నిలబడతారు. వెనక బెంచీల్లో కూర్చున్న జనానికి గంట సేపు వాళ్ళ వీపులే దిక్కు. పుట్టినప్పటి నుంచి ఎన్ని పెళ్ళిళ్ళకు పోలేదు? ఎవరి జాకెట్టు హుక్కు ఊడింది, ఎవరి చొక్కా చెమటకు తడిసింది అని లెక్కపెట్టినదాన్ని నేనే కదా. బొమ్మలకు తొడిగీ తొడిగీ మనిషికి వీపుంటుందని మరిచిపోయాను. జోయల్ చెయ్యి మళ్ళీ నడుము మీదికి పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బాపమ్మను అన్నాను, బాపు బొజ్జను అన్నాను, అక్కడ లేని దర్జీని కూడా అన్నాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు చాయ్ చల్లారిందని మా అవ్వ మీద అరిచాను. తర్వాత సిగ్గేసి, పిన్నులన్నీ ఊడబీకి, గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చున్నాను. చర్చిలో మొదటి గంట కొట్టారు. రెండో గంట కొట్టేలోపు పోవాలి.

అక్కడి నుంచి జోయల్ వీపే కనిపిస్తోంది. పిన్నులు లేని కోటు వేలాడుతోంది. నడుము పట్టుకున్న వైపు భుజం కుంగి, కోటంతా అటు పక్కకు గుంజుకుపోయి అడిగి తెచ్చుకున్నట్టుంది. ఇంతలో వాడు బెల్టు బిగించి, కిటికీ పై గట్టు మీద దువ్వెన వెతకడానికి రెండు చేతులూ ఎత్తాడు. కోటు భుజం మీద సర్దుకుని, తిన్నగా, ఒక్క గీతలో కిందికి దిగింది. మళ్ళీ చేతులు దించాడు, మళ్ళీ వేలాడింది.

మా షోరూంకు వచ్చే కుర్రవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళ చొక్కాలూ ఇంతే వదులు. కొందరికి పీలికల్లాగా ఉంటాయి, కొందరికి రాజసంగా ఉంటాయి. రాజసంగా ఉన్నవాళ్ళకు ఎక్కడో ఒకచోట పట్టు ఉంటుంది. భుజమో, మణికట్టో, చీలమండో. అక్కడ సరిపోతే మిగిలిన వదులంతా కోరి కుట్టించుకున్నట్టు కనిపిస్తుంది. నేను పొద్దుటి నుంచి వదులును దాచడానికి చూస్తున్నాను. దాచాల్సిన పని లేదు, నిలబెట్టాలి.

గ్లాసు పక్కన పెట్టి లేచాను. సూది దారం పెట్టుకోవచ్చా, దానికి కూడా వాక్యం అడ్డం వస్తుందా అని బాపమ్మను అడిగాను. 

"కత్తెర తెంపుతది, సూది కలుపుతది. సూది పెట్టు."

రెండు చేతి రుమాళ్ళు ముక్కోణంగా మడిచి, కోటు లోపల భుజాల కింద పెట్టి నాలుగు కుట్లు వేశాను. భుజం లేచి నిలబడింది. కోటు చేతులు లోపలికి మడిచి, మణికట్టు దగ్గర తెల్ల చొక్కా వేలు వెడల్పు కనిపించేలా కుట్టాను. ఆ తెల్ల చొక్కా నేను కరీంనగర్‌లో కొన్నది. రిసెప్షన్‌కు కానుకగా ఇద్దామని, వాడి కొలతకు, రేపటిది కాదు ఇవాళ్టిది, దాచి తెచ్చాను. లోపల అది ఒంటికి అతుక్కుని ఉంటే, పైన కోటు గుండీలు పెట్టకుండా వదిలేయవచ్చు. సన్నటి మనిషి మీద పెద్ద కోటు తెరిచి ఉంటే అదొక అందం. ప్యాంటు కాళ్ళు లోపలికి మడిచి, బూటు మీద ముట్టీ ముట్టనట్టు ఆపాను. నడుము దగ్గర రెండు పక్కలా రెండేసి కుచ్చులు, నాలుగూ ఒక్క వైపుకే, లెక్కగా.

బెల్టు మళ్ళీ పెట్టాడు కాని వాడి కళ్ళలో ఆ భయం పోలేదు. రెండు చేతులూ చాచాలి కదక్కా, ఉంగరం దగ్గర, అన్నాడు మెల్లగా. బాపమ్మ వింది. ఏమీ అనకుండా తన పెట్టె తీసి, ఉతికిన లంగాలోంచి నాడా లాగి నాకిచ్చింది. ప్యాంటు నడుము పట్టీలో కుట్టు కొంచెం విప్పి నాడా దూర్చాను. ముసలామె తనే ముడి వేసింది. పైన బెల్టు, దాని కింద మా బాపమ్మ నాడా. భూకంపం వచ్చినా ఆ ప్యాంటు కదలదు.

చివరికి ఇస్త్రీ. ఇది మాత్రం షోరూంలో నేర్చుకున్న పాఠమే, బొమ్మకైనా మనిషికైనా ఒకటే. వదులు బట్ట నలిగితే బీదగా ఉంటుంది, గీత పెట్టి ఇస్త్రీ చేస్తే గొప్పగా ఉంటుంది. కోటు విప్పించి కుట్ల మీద తడిబట్ట వేసి ఒత్తాను. తొడిగించి, చుట్టూ తిరిగి చూశాను. ఈసారి వెనక నుంచే మొదలుపెట్టాను.

ఇక మిగిలింది ఆ చెయ్యి. అది నడుము మీదికి పోయిందంటే భుజం కుంగుతుంది, నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అయ్యగారున్నాడని కూడా చూడను, వచ్చి వేళ్ళ మీద కొడతాను అని చెప్పాను. రెండో గంట కొట్టారు.

చర్చిలో రెండో బెంచీలో కూర్చున్నాను. ఆ గంట సేపు పాటలు విన్నానో లేదో, వాక్యం ఏది చదివారో, దేవుడికే తెలియాలి. నేను చూసింది ఒక్క వీపునే. నీలం కోటు భుజం నుంచి అంచు దాకా తిన్నగా దిగి ఉంది. పక్కన క్యాథరిన్ తెల్ల చీర. నా వెనక బెంచీలో ఉట్నూర్ కుర్రవాళ్ళు ఇద్దరు గుసగుసలాడుకున్నారు.  చెవి అటు పారేశాను. ఈ మోడల్ హైదరాబాద్‌లో కుట్టించిండ్రా ఏంది అని ఒకడు, అడుగుదాం ఆగు అని ఇంకొకడు. నేను తిరిగి చూడలేదు. తిరిగితే ముఖంలో దొరికిపోతానని.

ఉంగరాల వేళ వచ్చింది. అయ్యగారు జోయల్‌ను అడగడం మొదలుపెట్టాడు. ఈ క్యాథరిన్‌ను నీ భార్యగా, అని ఇంకా సగంలోనే ఉన్నాడు, మావాడు గట్టిగా "ఒప్పుకుంటున్న" అన్నాడు. మైకు పక్కనే ఉంది. చర్చి గోడలు అదిరాయి. ఒక్క క్షణం ఆగి జనమంతా నవ్వారు. ముందు బెంచీలు, వెనక బెంచీలు, బయట నిలబడ్డవాళ్ళు, అందరూ.

 ఎవ్వలు నవ్వకుంటే సాలు అన్నాడు కదా. వాడి ఎడమ చెయ్యి కోటు పక్కన కదిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఆ నాడా గట్టిది, అది వీడికి తెలిసేట్టు చెయ్యి అని మొక్కాను. అంత పొట్టి ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు.

కళ్ళు తెరిచేసరికి వాడి రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. ఒక చేత్తో క్యాథరిన్ వేలు పట్టుకుని, రెండో చేత్తో ఉంగరం తొడుగుతున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. వాడు పక్కకు తిరిగినప్పుడు ముఖం కనిపించింది. నవ్వుతున్నాడు. జనంతో పాటు, పళ్ళన్నీ కనిపించేలా. క్యాథరిన్ కూడా ముసుగులో నవ్వుతోంది. ఏమీ జారలేదు. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఒప్పుకుంటే తప్పేముంది, బాగా ఏడ్చాను.

సాయంత్రం బరాత్. స్టీఫెన్ మామ జీపు పైకప్పు తీసేసి బంతిపూలు కట్టాడు. తనే డ్రైవరు. పిల్లా పిల్లవాడూ వెనక నిలబడాలి, ఊరంతా చూడాలి. మేము వెనక వ్యానులో. పొద్దు దిగగానే చలి మొదలైంది. ఆ చలిలో క్యాథరిన్ ఒంటి మీద సన్నటి తెల్ల చీరే ఉంది. నర్సమ్మ కదా, ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళే, అందరికీ చెయ్యి ఊపుతూనే గజగజ వణుకుతోంది. వాళ్ళమ్మ శాలువా అందించబోతే వద్దంది. చీర దాచుకోవడానికా ఇంత ఖర్చు పెట్టింది అని క్యాథరిన్ ఉద్దేశం కావచ్చు, నేనైనా అంతే చేసేదాన్ని.

జోయల్ కోటు తెరిచే ఉంది కదా. ఎడమ పక్క అంచు పట్టుకుని రెక్కలా చాచాడు. క్యాథరిన్ ఒక్క క్షణం వాడి ముఖం చూసి, లోపలికి దూరింది. వాడు రెండు అంచులూ దగ్గరికి లాగి గుండి పెట్టాడు. పడింది. బిగుతు లేదు, వదులు లేదు, ఇద్దరికీ కలిపి కుట్టినట్టుంది. పైన రెండు తలకాయలు, కింద ఒక్క కోటు. బాజాలవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. మామ వెనక్కి తిరిగి చూసి, ఆదిలాబాద్ దర్జీ అంటే ఏమనుకున్నారు అన్నట్టు హారను మోగించాడు.

వ్యాను కిటికీ పక్కన బాపమ్మ కూర్చుని ఉంది. చర్చి నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే భయంగానే ఉన్నాను. మోచేత్తో నన్ను పొడిచింది.

"సూసినవా పొల్లా? నేను పంపింది వీనొక్కని ఆది కాదు. ఇద్దరి ఆది."

అబద్ధం. పచ్చి అబద్ధం. నిన్నటి దాకా బాపు బొజ్జ, స్టీలు గిన్నె అన్న మనిషి. ఏదో ఒకటి గట్టిగా అందామని నోరు తెరిచి, మళ్ళీ జీపు వైపు చూశాను. జోయల్ కుడి చెయ్యి ఎత్తి ఊరందరికీ ఊపుతున్నాడు. ఎడమ చెయ్యి కోటు లోపల ఉంది, ఎప్పటిలాగే నడుము పట్టుకుని. అయితే ఈసారి పట్టుకున్నది వాడి నడుము కాదు.